సాహస నవలల్లోని గూఢచారి బాలిక బతుకు ఎంతవరకు నిజం?

జయపురం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. 14 ఏళ్ల వారి అమ్మాయి, రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లండు నేపథ్యంగా సాగే గూఢచారి సాహస నవలల వరుసను వదలకుండా చదువుతోంది. వాటిలోని అనాథ బాలిక మగపిల్లవాడి వేషంలో ఓడ ఎక్కి, వెళ్లిన చోటల్లా కొత్త భాష నేర్చుకుంటూ, చివరకు శత్రు దేశంలో రహస్యాలు సేకరిస్తుంది. ఆ వయసు పిల్ల నిజంగా అలా బతకగలదా, ఇటువంటివి చదవనివ్వవచ్చా అని ఆమె సందేహం.

మాది బరంపురం. మా అమ్మాయి కూడా సరిగ్గా ఆ వయసులోనే ఇటువంటి నవలల్లో మునిగిపోయింది కనుక, ఏడాదికి పైగా నేనూ ఆమెతో కలిసి చదివాను. మగవేషంలో ప్రాణాలు దక్కించుకున్న మనిషి మా ఇంట్లోనే ఒకరు ఉండేవారు కనుక, చదువుతున్నంతసేపూ ఆమె చెప్పిన సంగతులతో పోల్చి చూసుకున్నాను. ఆ బతుకు సాధ్యమేనని నా అభిప్రాయం. కాకపోతే రచయితలు పేజీలకు పేజీలు కేటాయించే కత్తియుద్ధాల వల్ల, గోడలు దూకడాల వల్ల కాదు. ఆడపిల్లను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం, ఇంటిపనుల్లో ఆమె చేతికి అబ్బిన నేర్పు, ఈ రెండే ఆమెను కాపాడేవి.

ముందుగా వేషం సంగతి. ఇంగ్లండులోని వూస్టర్‌లో 1723లో పుట్టిన హానా స్నెల్, జేమ్స్ గ్రే అనే పేరుతో నౌకాదళ సైనికుల్లో చేరి, మన కోరమాండల్ తీరానికే వచ్చింది. 1748లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించినప్పుడు ఆ సేనలో ఉంది. స్వదేశానికి తిరిగి వెళ్లాక, 1750లో, తాను స్త్రీనని బయటపెట్టి పింఛను కూడా పొందింది. ఒంట్లో దిగిన తుపాకీ గుండును వైద్యుడికి చూపితే గుట్టు బయటపడుతుందని తానే తీసుకున్నట్టు ఆమె పేరున వెలువడిన కథనం చెబుతుంది. అందులో కొంత అతిశయోక్తి ఉన్నా ఉండవచ్చు. అప్పటికి ఆమె వయసు ఇరవై దాటింది. చిన్న వయసు పిల్లలే కావాలంటే నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ పట్టణానికి చెందిన ఓవర్‌స్టేగన్ అక్కచెల్లెళ్లు ఉన్నారు. 1940లో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించుకున్న తరువాత రహస్య ప్రతిఘటన దళంలో చేరేనాటికి ఫ్రెడీకి 14 ఏళ్లు, అక్క ట్రూస్ ఆమె కంటే రెండేళ్లు పెద్దది. రెండు జడలతో ఫ్రెడీ ఇంకా చిన్నపిల్లలా కనిపించేది కనుక సైనికులు అనుమానించేవారు కారు. కరపత్రాలు పంచడంతో మొదలై తరువాత ఆయుధాల దాకా వెళ్లారు. పిల్లలను దళంలో చేర్చుకోవడానికి వచ్చిన మనిషి ముందుగా వారి తల్లి అనుమతి అడిగాడు, ఆమె ఒప్పుకుంది. తల్లిగా మీరు ఆ సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగుతారని నాకు తెలుసు, నేనూ ఆగాను.

ఇక మా ఇంటి మనిషి. మా నాయనమ్మ బర్మాలోని రంగూన్‌లో పెరిగింది. గోపాల్‌పూర్ రేవు నుంచి అక్కడికి స్టీమర్లు నడిచిన కాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ పనికి వెళ్లాయి. కోరంగి రేవు పేరు మీద బర్మావారు తెలుగువారిని కొరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలాది భారతీయులు స్వదేశానికి బయలుదేరారు. వారిలో చాలామంది ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి సముద్రతీరంలోని తౌంగుప్ వరకు కాలినడకనే వచ్చారు. దారి పొడవునా కలరా. నాయనమ్మకు అప్పుడు 14 ఏళ్లు. తండ్రి అంతకుముందే పోయారు. తల్లి ఆమె జుట్టు కత్తిరించి, పక్కింటి కుర్రవాడి చొక్కా, నిక్కరు తొడిగి, గొంతు వింటే ఆడపిల్ల అని తెలిసిపోతుందని దారిలో నోరు విప్పవద్దని చెప్పింది. అలా ఆమె కొండలు దాటినన్ని రోజులూ మూగ కుర్రవాడిగా నడిచింది.

మూగవాడి ముందు మనుషులు ఏదైనా మాట్లాడుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందుస్తానీ, సంతలో బర్మా భాష, పక్క వాటాలో ఒడియా వింటూ పెరిగిన పిల్ల కనుక, కూలీల మాటలూ బండివాళ్ల మాటలూ ఆమెకు అర్థమయ్యేవి. ఏ మజిలీలో నీళ్లు తాగి జనం పడిపోయారో, ఎవరు బండికి ఎంత అడుగుతున్నారో, ముందున్న ఊళ్లో దోపిడీ జరిగిందో లేదో పగలంతా విని, రాత్రి తల్లి చెవిలో చెప్పేది. ఒకసారి అలా విన్న మాట వల్లనే ఒక చెరువును వదిలేసి, దాహంతోనే మరో పూట నడిచారట. గూఢచారి చేసే పని ఇంతకంటే వేరుగా ఉంటుందని నేను అనుకోను.

ఉన్న బంగారం ఆరు కాసులు. లంగా బొందు దూర్చే మడతలో వాటిని కుట్టి నిక్కరు లోపల నడుముకు చుట్టుకుంది. నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి గలగలమంటాయని ఒక్కొక్క కాసుకు విడివిడిగా నూలు చుట్టింది. ఆ ఉపాయం ఎవరూ నేర్పింది కాదు. కాలి మట్టెలు వదులై చప్పుడు చేస్తుంటే తన తల్లి వాటికి దారం చుట్టడం చూసింది, అంతే. ఆ గుడ్డ మడత చివరిదాకా ఆమె పెట్టెలో ఉండేది. నాణెం ఆకారంలో ఆరు గుండ్రని మరకలు దాని మీద కనిపించేవి.

అదే రంగూన్‌లో పుట్టిన సరస్వతీ రాజామణి, 16 ఏళ్ల వయసులో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు కోసం మణి అనే కుర్రవాడిగా పనికి కుదిరి సమాచారం చేరవేశానని తన ఇంటర్వ్యూలలో చెప్పారు. ఆమె 2018లో చెన్నైలో కన్నుమూశారు. ఈ వృత్తాంతంలో ఎక్కువ భాగానికి ఆమె మాటే ఆధారం కనుక, దీనిని ఒక జ్ఞాపకంగా చదవమని మా అమ్మాయికి చెప్పాను. 1943లో సింగపూర్‌లో కెప్టెన్ లక్ష్మి నాయకత్వంలో ఏర్పడిన, అదే ఫౌజుకు చెందిన మహిళా దళమైన ఝాన్సీరాణి రెజిమెంటులో మలయా రబ్బరు తోటల నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయిలు చేరారన్నది మాత్రం చరిత్రలో స్థిరపడిన విషయం.

ఈ నవలల్లో వచ్చే రహస్య లేఖలను మేము ఇంట్లో పరీక్షించి చూశాము. గంజిలో పుల్ల ముంచి రాసి, ఆరాక పలచని అయోడిన్ మందు పూస్తే అక్షరాలు నీలినలుపుగా తేలాలి. నోటు పుస్తకం కాగితం మీద ప్రయత్నిస్తే కాగితమంతా నల్లబడింది, ఎందుకంటే కాగితం తయారీలోనే పిండిపదార్థం కలుపుతారు. గంజి పెట్టని, బాగా నలిగిన పాత పంచె ముక్క మీద రాసినప్పుడు మాత్రం అక్షరాలు విడివిడిగా కనిపించాయి. గంజి పట్టిన బట్టకూ పట్టని బట్టకూ తేడా తెలిసిన పిల్ల ఆ పొరపాటు చేయదు, నవలలోని నాయికకు ఆ తేడా తెలియకుండానే పని జరిగిపోతుంది.

నా అభ్యంతరం కూడా చెప్పాలి. ఆ నవలల్లో ఆకలి ఒక పూటతో తీరిపోతుంది, నెలసరి ఊసే ఉండదు, పోయినవాళ్లు మరుసటి అధ్యాయానికి గుర్తుండరు. నాయనమ్మ తమ్ముడు తౌంగుప్ చేరకుండానే పోయాడు. ఆమె కాసుల కథ ఎన్నిసార్లు అడిగినా చెప్పేది గానీ, ఆ పిల్లవాడి పేరు మాత్రం మా ఎవరి ముందూ పలికేది కాదు. 1943లో రేడియో సందేశాలు పంపడానికి జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్ చేరిన బ్రిటిష్ గూఢచారి నూర్ ఇనాయత్ ఖాన్ కొన్ని నెలలకే పట్టుబడి, 1944 సెప్టెంబరులో జర్మనీలోని డాఖౌ నిర్బంధ శిబిరంలో చంపబడింది. ఈ సంగతులు కూడా మీ అమ్మాయికి చెప్పి, తరువాత నిశ్చింతగా చదవనివ్వండి. పక్కన ఒక భూగోళ పటం ఉంచితే మరీ మంచిది.

కాసుల కథ విన్న రోజు మా అమ్మాయి పది రూపాయల నాణేలు రెండు తీసుకుని, నూలు చుట్టి, గుడ్డలో మూటగట్టి చెవి దగ్గర ఊపి చూసింది. మొదటి వరుసకు చప్పుడు తగ్గింది గానీ ఆగలేదు. రెండో వరుస అడ్డంగా చుట్టి మళ్లీ ఊపింది.