సమాధానం: హైడ్రా ద్వీపంలో కార్లు లేకుండా అమ్మతో ఎలా?

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో, రెండు పెద్ద సూట్‌కేసులతో, కార్లే తిరగని గ్రీస్‌లోని హైడ్రా ద్వీపానికి వెళ్లడం సాధ్యమేనా అని అడిగారు కదా. తప్పకుండా వెళ్లండి, టెన్షన్ వద్దు. అయితే గది ఎంపికలోనే అసలు విషయమంతా ఉంది. ఊరు రేవు చుట్టూ కొండవాలు మీద మెట్లు మెట్లుగా పైకి పోతుంది. ఫొటోలో సముద్రం అందంగా కనిపించే గదంటే చాలాసార్లు బాగా ఎత్తున ఉన్నదే. బుక్ చేసేముందు "రేవు నుంచి ఎన్ని మెట్లు?" అని ఓనర్‌ను సూటిగా అడగండి. రేవు పక్కన చదునుగా ఉన్న చోటే తీసుకోండి, కాస్త సందడిగా ఉన్నా సరే.

సామాను కంచర గాడిదల మీద వేసి తెస్తారు. అవి రేవులోనే నిలబడి ఉంటాయి. ధర ముందే మాట్లాడుకోండి.

పక్కనే ఉన్న కమిని అనే చిన్న ఊరి దాకా తీరం వెంబడి నెమ్మదిగా నడవచ్చు. ఇంకా ముందున్న వ్లికోస్ అనే బీచ్ ఊరికి మాత్రం వాటర్ టాక్సీ ఎక్కించండి, ఛార్జీ మనిషికి కాదు, పడవకి. బీచ్‌లు ఎక్కువగా గులకరాళ్లవే, అమ్మగారికి గట్టి చెప్పులుండాలి.

ఏథెన్స్ దగ్గర పిరేయస్ నుంచి ఫాస్ట్ ఫెర్రీలో రెండు గంటల లోపే ప్రయాణం. గాలి ఎక్కువైతే అవి ఆగిపోతాయి, కాబట్టి తిరుగు విమానానికి ముందురోజే ఏథెన్స్ చేరండి.