సెకండ్ హ్యాండ్ కారులో రివర్స్ కెమెరా మసకగా ఉంటే ముందు ఏం చూడాలి?

శ్రీకాకుళంలో 2016 మోడల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నానని, రివర్స్ కెమెరాలో పగలు మసగ్గా, రాత్రయితే చుక్కలు తప్ప ఏమీ కనబడటం లేదని, కెమెరా మార్చాలా స్క్రీన్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే రెండూ మార్చకండి. ఆ తొందరలోనే నేను మూడు వేలు పోగొట్టుకున్నాను.

మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర ఒక సందు. కారు తిప్పుకునే చోటు లేదు, రోజూ వెనక్కి నడుపుకుంటూనే రోడ్డెక్కాలి. ఒకపక్క కాలువ, ఇంకోపక్క అరుగులు. నేను కొన్న కారు అంతకుముందు భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఉండేదట. కెమెరా బొమ్మ సరిగ్గా రావడం లేదేమని అడిగితే అమ్మినాయన "పాత కార్లలో అంతేనండీ" అన్నాడు. షాపులో కుర్రాడు సరిగ్గా చూడకుండానే "సెట్టే మార్చీయాల సార్" అని పద్దెనిమిది వేలు చెప్పాడు.

సెట్ ఎందుకులే అని ఆన్‌లైన్‌లో 1080 కెమెరా ఒకటి తెప్పించి బిగించాను. స్క్రీన్ మీద నలుపు తెలుపు గీతలు పరిగెత్తాయి, అంతే. పాత స్క్రీన్లు చాలావరకు తీసుకునేది సీవీబీఎస్ సిగ్నల్, అంటే డబ్బా టీవీల కాలం నాటి అనలాగ్ బొమ్మ. అందులో ఉండేవి 480 లేదా 576 గీతలే. నేను కొన్నదేమో ఏహెచ్‌డీ, అంటే అంతకంటే ఎక్కువ గీతలుండే కొత్తరకం సిగ్నల్‌ది. కొన్ని కెమెరాలకు ఉంగరంలా చుట్టిన చిన్న వైరు ఉంటుంది, అది కత్తిరిస్తే పాత సిగ్నల్‌కి మారతాయి. నాదానికి అదీ లేదు. మీరు ఎప్పుడైనా కొత్త కెమెరా కొనాల్సి వస్తే, ముందు స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఏహెచ్‌డీ అని ఉందో లేదో చూసుకోండి.

సరే, పాత కెమెరానే మళ్లీ తగిలించుకుని కోట జంక్షన్ వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. కెమెరాని ముట్టుకోనే లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేర్ వేయమన్నాడు. నన్ను స్క్రీన్ చూస్తూ ఉండమని, తను వెనక డిక్కీని మెల్లగా లేపుతూ దించుతూ ఉన్నాడు. సగం లేచేసరికి బొమ్మ వణికింది, ఇంకాస్త లేపితే పోయింది. డిక్కీ తలుపుకీ బాడీకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది కదా, దాన్ని ఊడదీశాడు. డిక్కీ తెరిచిన ప్రతిసారీ అదే చోట మడతపడి ఒక వైరు తొడుగు చిట్లిపోయింది, లోపలి రాగి పచ్చగా మారింది. వెనక లైటు పక్కన ఎర్త్ స్క్రూ, అంటే ఎర్త్ వైరుని కారు బాడీకి బిగించే స్క్రూ చూస్తే తుప్పు ముద్ద. ఉప్పుగాలి పుణ్యం. "కెమెరా బాగానే ఉంది సార్, ఎర్త్ పోనాది" అన్నాడు. స్క్రూ దగ్గర గరుకు కాగితంతో రుద్ది, వైరు అతికి, టేపు చుట్టాడు. మూడు వందలు.

మీ కారు విషయానికొస్తే, గీతలు కదలడం, ఇంజిన్ రేజ్ చేస్తే బొమ్మ వణకడం లాంటివి వైరు లోపానికి గుర్తులు, అవేవీ మీరు రాయలేదు. ఎప్పుడూ ఒకే మసక అంటే ముందు అనుమానించాల్సింది లెన్స్‌నే. బోరు నీళ్ల మరకలు, రోడ్డు దుమ్ము గట్టిగా పట్టేస్తాయి. తడి గుడ్డ పది నిమిషాలు అంటించి ఉంచి, నానాక మెత్తటి గుడ్డతో తుడవండి. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. ప్లాస్టిక్ లెన్స్ అయితే గీతలు పడి శాశ్వతంగా మసకబారుతుంది. అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉంటే మాత్రం తుడిచి లాభం లేదు, కెమెరా మార్చాల్సిందే. ఒకవేళ అది కంపెనీ నుంచి వచ్చిన కెమెరా అయితే వైర్లు కోయనివ్వకండి, అదే ప్లగ్‌కి సరిపోయేది వెతకండి. మీది షాపులో బిగించినదే కావచ్చు. మన దగ్గర 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేసింది వెనక సెన్సార్లనే, కెమెరాని కాదు.

రాత్రి చుక్కలకు కారణం వెలుతురు చాలకపోవడం. చీకట్లో కెమెరా ఉన్న కాస్త వెలుగునే బలవంతంగా పెంచి చూపిస్తుంది, ఆ చుక్కలు అవే. కారు వెనక నిలబడి, రివర్స్ గేర్ వేయించి లైట్లు చూడండి. నా కారుకి రెండింటిలో ఒక బల్బు మాడిపోయి ఉంది, రెండోదాని గ్లాసు పసుపెక్కింది. బల్బు మార్చి గ్లాసు తోమాక రాత్రిపూట కాలువ గట్టు కనబడింది. నన్నడిగితే వీటన్నిటిలో చవకైన పని ఇదే, చాలామంది చూడనిదీ ఇదే.

బొమ్మ బాగయ్యాక, దూరం తెలియడానికి స్క్రీన్ మీద కనబడే రంగు గీతల్ని వెంటనే నమ్మేయకండి. మా పెరట్లో ప్లాస్టిక్ స్టూలు పెట్టి కొలిస్తే, ఎర్ర గీత దగ్గర స్టూలుకీ బంపర్‌కీ మధ్య రెండడుగులు ఉంది. మీ కారుకి ఎంతుందో ఒకసారి టేపు పెట్టి చూసుకోండి. అరుగుల మీద పిల్లలు ఆడుకునే వేళ నేను ఇప్పటికీ మా వాణ్ణి దింపి "రానీ, రానీ" అనిపించుకుంటూనే తీస్తాను.