లా స్టూడెంట్లు ఎస్సే, కేస్ కామెంట్ పోటీలకు రాయడం దండగా? తెలుగు మీడియం వాళ్లకి ఛాన్స్ ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది, డిగ్రీ దాకా తెలుగు మీడియం, క్లాస్ వాట్సాప్ గ్రూపులో రోజుకో ఎస్సే కాంపిటీషన్ పోస్టర్ పడుతోంది, ఎంట్రీకి 500 అడుగుతున్నారు, నేషనల్ లా యూనివర్సిటీ పిల్లలతో పోటీపడి మనం గెలిచేది ఉందా, అసలు రాసి ఏం లాభం అని. నేను మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో ఏడింటికి రాశాను. ఒకదాంట్లో రెండో బహుమతి, ఇంకోదాంట్లో స్పెషల్ మెన్షన్, మిగతా ఐదూ గోవిందా. రాయండి అనే చెప్తాను. ఆ 500 కట్టి మాత్రం కాదు.

ఫీజు సంగతి ముందు తేల్చేస్తా. నేను రాసిన మొదటి పోటీకి 400 కట్టాను. వారం తిరక్కుండానే "అభినందనలు, మీ వ్యాసం పుస్తకంలో అచ్చుకు ఎంపికైంది" అని మెయిల్ వచ్చింది, ఇంట్లో అందరికీ చూపించాను, మా అమ్మ స్వీట్లు కూడా తెప్పించింది. కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకంలో అధ్యాయంగా వేయడానికి ఇంకో 1,500 పంపాలట. మా క్లాసులో రాసిన తొమ్మిది మందికీ అదే మెయిల్, పేరు ఒక్కటే తేడా. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు, అంతే. మన దేశంలో పబ్లిషర్లకు దాన్ని ఉచితంగానే ఇస్తారు, లోపల ఏముందో ఎవరూ చదివి చూడరు. కాబట్టి పోస్టర్ మీద ఆ నాలుగక్షరాలు చూసి పడిపోకండి. వ్యాసాలు దిద్దేది ఎవరో పేర్లున్నాయా, కిందటేడు గెలిచినవాళ్ల వ్యాసాలు ఎక్కడైనా చదవడానికి పెట్టారా, ఈ రెండూ చూడండి. ఇంకోటి, "పంపిన ప్రతి వ్యాసం మీదా హక్కులు నిర్వాహకులవే" అనే షరతు ఉందేమో చూసుకోండి. అది ఉంటే ఓడిపోయినా ఆ వ్యాసాన్ని ఇంకోచోటికి పంపుకోలేరు. నా రెండో వ్యాసం అలాగే పోయింది.

ఇక ఎందుకు ఓడిపోయానో చెప్తాను. నా మొదటి వ్యాసం "మహిళా సాధికారత, భారత చట్టాలు". యత్ర నార్యస్తు పూజ్యంతే అని మొదలెట్టి, రాజ్యాంగం 14, 15, 21 అధికరణాలు ఏకరువు పెట్టి, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 1997లో వచ్చిన విశాఖ తీర్పు, వరకట్న నిషేధ చట్టం, గృహహింస చట్టం, ఆఖర్న సమాజంలో మార్పు రావాలి అని ముగించాను. మూడు వేల మాటలు. అందులో ఒక్క ముక్క కూడా నేను అనుకున్నది కాదు. పరీక్షలో అయితే పదికి ఏడు వేస్తారేమో. మూడోసారి రాసిన పోటీలో మాత్రం నా అదృష్టం కొద్దీ ఎవరో ఓపిగ్గా దిద్ది పంపారు, మార్జిన్‌లో ఒకే ప్రశ్న: "ఇంతకీ మీ వాదన ఏంటి?" అప్పుడు చాలా కోపం వచ్చింది, రెండు రోజుల తర్వాత మళ్లీ చదువుకుంటే నిజంగానే వాదన లేదు, సమాచారం ఉంది.

రెండో బహుమతి వచ్చింది కేస్ కామెంట్‌కి, అంటే ఒక తీర్పు తీసుకుని దాని మీద మన విశ్లేషణ రాయడం. భూమి మీద గానీ పర్యావరణం మీద గానీ వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఏదైనా తీసుకుని 1,500 మాటల్లో రాయమన్నారు. అందరూ గంగానది, ఢిల్లీ కాలుష్యం మీద పడతారని తెలుసు. మాది ఎస్.కోట. అరకు ఘాట్ రోడ్డు మా ఊరు దాటాకే మొదలవుతుంది. మా దగ్గర టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్లకి కూడా "వన్ ఆఫ్ సెవంటీ" అంటే తెలుసు, ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, భూమి గిరిజనేతరులు కొంటే చెల్లదు అని. మా మావయ్య అది తెలిసి కూడా, వేరేవాళ్ల పేరు మీద పెట్టి అరకు దగ్గర పది సెంట్లు కొని డబ్బు పోగొట్టుకున్నాడు. భద్రాచలం, ఉట్నూరు వైపు వాళ్లకీ ఈ కథలు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న చట్టమే కదా, దాని మీద తీర్పేమైనా ఉందా అని వెతికితే సమత కేసు దొరికింది.

అనంతగిరి మండలం, బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనులు తవ్వుకోవడానికి ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకి లీజులిస్తే, సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టులో 1997 జులైలో గెలిచింది. ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో తీర్పు మొత్తం ఉచితంగా ఉంది. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే రామకోటి పుస్తకమంత అయింది. వైజాగ్ బస్సులో పదకొండు రోజులు చదివాను, మొదటి మూడు రోజులూ సగం బుర్రకెక్కలేదు.

నాలుగో రోజు అనుకుంటా, విషయం దొరికింది. అంత పెద్ద తీర్పూ ఒక్క మాట మీద నడుస్తోంది. ఏజెన్సీ భూముల బదిలీ మీద 1959లో వచ్చిన రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు, మనవాళ్లు 1/70 అనేది ఆ సవరణనే. అందులో మూడో సెక్షన్ ఏమంటుందంటే, ఏజెన్సీ ప్రాంతంలో ఒక "పర్సన్" స్థిరాస్తిని ఎవరికి బదిలీ చేసినా, తను గిరిజనుడైనా కాకపోయినా, ఆ తీసుకునేది గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీయో అయితే తప్ప ఆ బదిలీ చెల్లదు. సరే, గనుల లీజు ఇచ్చింది ప్రభుత్వం. మరి ప్రభుత్వం "పర్సన్" కిందకి వస్తుందా? వస్తుంది అన్నారు జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్. రాదు అన్నారు జస్టిస్ పట్నాయక్, ఆయనది భిన్నాభిప్రాయం. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు, మధ్యలో ఒక మాట. అది చూశాక నాకు బస్సులో నిద్ర పట్టలేదు (మామూలుగా కొత్తవలస దాకా కూడా ఆగను, నిద్రపోతాను).

అక్కడితో ఆగితే కేసు కథ చెప్పినట్టే అయ్యేది. ఆ తీర్పుని తర్వాత ఎవరెవరు ఉదహరించారో వెతుకుతుంటే 2001 డిసెంబర్ నాటి బాల్కో తీర్పు తగిలింది. కోర్బాలోని అల్యూమినియం కంపెనీ వాటాల అమ్మకం కేసు అది. సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అన్న విషయంలో మాకు గట్టి సందేహాలున్నాయి అన్నారు అందులో. అంటూనే, మధ్యప్రదేశ్ చట్టంలో ఆంధ్రలో ఉన్నలాంటి నిషేధం లేదు కాబట్టి సమత ఇక్కడ వర్తించదని పక్కన పెట్టారు. అదీ ముగ్గురు జడ్జీల బెంచే, ఇదీ ముగ్గురి బెంచే. కాబట్టి నా ప్రశ్న ఒకటే అయింది: ఆ సందేహం వల్ల సమతకి ఏమైనా తగ్గిందా? తగ్గలేదు, కేసు తేలడానికి ఆ మాట అవసరమే లేదు, దారిన పోతూ అన్న మాట కాబట్టి దానికి కట్టుబడక్కర్లేదు అని నేను వాదించాను. కరెక్టో కాదో వేరే సంగతి, కాదనేవాళ్లూ ఉన్నారు. కానీ దిద్దేవాళ్లకి పట్టుకోడానికి ఒక కొస దొరికింది.

మొదటి డ్రాఫ్ట్‌లో నా మొదటి వాక్యం ఇలా ఉండేది: "అనాదిగా గిరిజనులు అడవితల్లి ఒడిలో ప్రకృతితో మమేకమై జీవిస్తున్నారు." ఆఖరి డ్రాఫ్ట్‌లో: "ఏజెన్సీ భూమి విషయంలో ప్రభుత్వం కూడా ఒక 'పర్సన్' అని 1997లో ఇద్దరు న్యాయమూర్తులు చెప్పారు, నాలుగేళ్లకు అంతే పెద్ద బెంచి దాన్ని శంకించింది, కానీ కొట్టేయలేదు." (ఇంగ్లీషులోనే రాశాను లెండి, ఇక్కడ తెలుగులో చెప్తున్నా.) అడవితల్లిని తీసేయించింది మా క్లాస్‌మేట్. నియమాల్లో ఇద్దరు కలిసి రాయొచ్చని ఉంటే తనని కో-ఆథర్‌గా పెట్టుకున్నాను, తను కాన్వెంట్ చదువు, నా ఇంగ్లీషు తనకి బాగా తెలుసు. ప్రతి పేరాలో నేను చెప్పదలుచుకున్నది ముందు తెలుగులో ఒక్క వాక్యంగా రాసి ఇచ్చేవాణ్ణి. అలా రాయలేకపోతే ఆ పేరా అవసరం లేదు అనేది తను. రోజూ గొడవే. బహుమతి 6,000 వస్తే సగం సగం పంచుకున్నాం.

కాబట్టి తెలుగు మీడియం అనే భయం గురించి నా అభిప్రాయం ఏంటంటే, అది ఉన్న అడ్డంకే కానీ మీరు అనుకునేంత పెద్దది కాదు. నేషనల్ లా యూనివర్సిటీల్లో వాళ్లకి ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి తీర్పుల వెబ్‌సైట్లకి కాలేజీయే డబ్బు కడుతుంది, సీనియర్లు ఫార్మాట్ చూపిస్తారు, అది నిజంగా తేడానే, లేదనడం అబద్ధం. కానీ సుప్రీంకోర్టు తన రిపోర్టుల్ని 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్ అనే తన వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది. తీర్పులు దొరక్క రాయలేకపోయాను అనే సాకు ఇప్పుడు మనకి లేదు.

చిన్న చిన్న తప్పులతో పోయినవి కూడా చెప్పాలి, సిగ్గుగానే ఉంది. ఒకసారి వ్యాసంలో ఎక్కడా పేరు, కాలేజీ రాయకూడదన్నారు. నేను రాయలేదు కూడా. కానీ వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ అని నా పేరు, ఇంటిపేరుతో సహా, నవ్వుతూ కూర్చుంది. డిస్‌క్వాలిఫై. ఇంకోసారి మాటల పరిమితిలో ఫుట్‌నోట్లు కూడా లెక్కే అని చూసుకోలేదు. మరోసారి ఎవరి బ్లాగులోనో ఉన్న ఫుట్‌నోట్‌ని తీర్పు తెరిచి చూడకుండా యథాతథంగా దించాను, వాళ్లు వేసిన పేజీ నంబరే తప్పు. సైటేషన్‌కి, అంటే ఫుట్‌నోట్లలో ఆధారాలు రాసే పద్ధతికి, బ్లూబుక్ అన్నారా, ఆస్కోలా అన్నారా అన్నది నియమాల్లో చూసి, మొదటి నుంచి చివరి దాకా అదే వాడండి. ఏది మంచిదనే చర్చ అక్కర్లేదు.

చాట్‌జీపీటీతో రాయించొచ్చా అని మీరు అడగలేదు కానీ గ్రూపులో అందరూ చేస్తున్నది అదే. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అది పుట్టించిన లేని కేసుల్ని నిజం అనుకుని కోర్టులో వేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. లాయర్లే చూసుకోలేకపోయారు, రెండో ఏడాదిలో ఉన్న మీరెంత.

లాభం ఏంటి అంటే, సర్టిఫికెట్ ఫైల్లో ఉంది, ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇంటర్న్‌షిప్ కోసం ఒక హైకోర్టు సీనియర్ లాయర్ గారి ఆఫీసుకి రెజ్యూమేతో పాటు ఆ కేస్ కామెంట్ పంపాను. ఇంటర్వ్యూలో ఆయన అడిగింది ఒకటే ప్రశ్న, "పట్నాయక్ గారి వైపు నుంచి వాదించు చూద్దాం." ఓ పావుగంట తడబడుతూ వాదించాను, అయినా తీసుకున్నారు. ఇప్పుడు కోర్టులో వేసే కౌంటర్ అఫిడవిట్ (అవతలివాళ్ల పిటిషన్‌కి జవాబు) రాసేటప్పుడు కూడా పేరాకి ఒక వాక్యం ముందు తెలుగులో పక్కన రాసుకుంటాను, ఆ అలవాటు పోలేదు.

మా మావయ్య మాత్రం బహుమతి వచ్చిందని తెలిసి ఫోన్ చేసి, "అయితే నా పది సెంట్లు తిరిగొస్తాయా రా?" అన్నాడు.

మీరు ఏ సబ్జెక్టు మీద రాద్దామనుకుంటున్నారో కింద చెప్పండి, నేను చదివిన తీర్పు ఏదైనా ఉంటే పేరు చెప్తాను. వ్యాసం పంపి దిద్దమని మాత్రం అడక్కండి, బయటివాళ్ల సాయం కూడదని చాలా పోటీల నియమాల్లోనే ఉంటుంది.