సర్పంచ్‌గా గెలిచిన మేనకోడలికి

బిడ్డా,

గెలిచిన సంబరం అయిపోయింది కదా, ఇక కుర్చీ సంగతి చూద్దాం. ముందు అందులో నువ్వే కూర్చో. అల్లుడు మంచివాడే, కానీ ఓట్లు పడ్డది నీకు. ఫైళ్లు ఇంటికి తెప్పించుకుని సంతకాలు పెట్టే అలవాటు ఒకసారి పడితే పోదు. ఆఫీసులోనే పెట్టు, చదివాకే పెట్టు.

అందరూ సీసీ రోడ్డు అడుగుతారు. "ముందు పని చేద్దాం, బిల్లు తర్వాత వస్తుంది" అనేవాళ్లు నీ చుట్టూ చేరతారు. అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక వడ్డీలు కట్టిన సర్పంచులు మన తెలంగాణలో ఎంతమందో నీకూ తెలుసు. పుస్తెలతాడు తాకట్టు పెట్టి మోరీలు కట్టించకు. తీర్మానం, మంజూరు కాగితం చేతిలో లేనిదే పని మొదలుపెట్టొద్దు. పని అయ్యాక ఎం.బి. (పని కొలతలు రాసే పుస్తకం) రికార్డు అయిందా లేదా నువ్వే అడుగు.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. చాలా ఊళ్లలో మినిట్స్ పుస్తకమే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకుంటుంది! నువ్వలా చేయకు. పొద్దున పదింటికి పెడితే కూలికి పోయేవాళ్లు రారు, సాయంత్రం పెట్టు. ఒకసారి ఎస్సీ వాడలో పెట్టు. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయిందో గట్టిగా చదివించు. 15వ ఆర్థిక సంఘం కింద కేంద్రం ఇచ్చిన నిధుల్లో (2021-26) 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్న నియమం ఉండేదని జనానికి తెలియక "రోడ్డు డబ్బులు సర్పంచ్ తినేశాడు" అని ఎన్ని ఊళ్లలో అనుకున్నారో.

వరంగల్ జిల్లా గంగదేవిపల్లికి ఓసారి వెళ్లిరా. నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ వేసుకుని పనులు ఊరివాళ్లే చూసుకున్నారు, ఇంటి పన్నూ కట్టారు. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో సర్పంచ్ పోపట్‌రావు పవార్ సాగుకు బోర్లు వేయొద్దని ఊరినే ఒప్పించారు. రైతుకు అంతకన్నా కష్టమైన మాట ఉంటుందా? నలుగురిలో కూర్చుని తేల్చుకున్నారు కాబట్టే నిలబడింది.

ఉపసర్పంచ్ అవతలి వర్గం అని ముఖం తిప్పుకోకు. చెక్కు మీద అతని సంతకమూ కావాలి. మీరిద్దరూ అలిగితే ముందు ఆగేది సఫాయి కార్మికుల జీతం.

ఈ వారమే కార్యదర్శి దగ్గర ఇంటి పన్ను బకాయిల లిస్టు తీసుకో. ముందు మన చుట్టాల దగ్గర వసూలు చెయ్యి. మీ మామగారి పేరు కూడా అందులో ఉండొచ్చు, చూసుకో.

నీ మేనత్త