దేవుడి మీద నమ్మకం పోతే మనిషిలో మంచితనం నిలుస్తుందా?

ఇంజినీరింగ్ చదువుతున్న మీ అబ్బాయి పూజగదిలోకి రావడం మానేశాడని, పైవాడి భయం పోయాక మంచీ చెడూ కూడా పోతాయేమోనని మీ బెంగ. సూటిగా జవాబు చెప్పేస్తాను: పోవు. ఇంత ధీమాగా ఎందుకు అంటున్నానంటే, నేను దీపం పెట్టడం పెళ్లికి ముందే మానేశాను. మా అత్తయ్య గారు దీపం పెట్టకుండా మంచినీళ్లు కూడా ముట్టరు. ఇద్దరం ఒకే వంటింట్లో ఇన్నేళ్లుగా నెట్టుకొస్తున్నాం. మా ఇద్దరిలో ఎవరు మంచివారని వీధిలో అడిగితే అందరూ అత్తయ్య పేరే చెబుతారు. అందుకు కారణం ఆవిడ భక్తి కాదు, నా నోరు.

నేను లెక్కల టీచరుని. పరీక్ష రోజు నుదుటి నిండా విభూతి పెట్టుకొని, కంపాస్ పెట్టెలో దేవుడి బొమ్మ, దాని కింద చీటీ పెట్టుకొచ్చే పిల్లలను చూస్తూనే ఉంటాను. ఆ పిల్లలు దేవుడికి భయపడరు, నాకు భయపడతారు. నేను గదిలోంచి బయటికి వెళ్తే నాకూ భయపడరు. అందుకే ‘భయం లేకపోతే ఎవరు ఆపుతారు’ అన్న మీ ప్రశ్న నాకు పెద్దగా ఎక్కలేదు. నన్ను ఆలోచింపజేసింది వేరే ప్రశ్న. చెడ్డ పని చేయకుండా ఉండటం ఒక సంగతి. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం ఛాతీ లోతు నీళ్లలో దిగడం ఇంకో సంగతి. ఆ రెండోది ఎక్కడి నుంచి వస్తుంది? దానికి జవాబు నేను పుస్తకాల్లో కాదు, మా మేడ మెట్ల మీద చూశాను.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. అంతకుముందు ఎడతెరిపి లేని వాన. బుడమేరు వాగుకు గండ్లు పడి ఆ నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. అవతల కృష్ణ నిండుగా ఉంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు పడింది. బుడమేరు మళ్లింపు కాలువ వెళ్లి కలవాల్సింది ఆ కృష్ణలోనే. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? మా ఇళ్లలోకే. బుడమేరు దారిలో ప్లాట్లు వేసి అమ్మినవాళ్ల గురించి, కొన్న మా గురించి, కళ్లు మూసుకొని అనుమతులు ఇచ్చినవాళ్ల గురించి చెప్పాలంటే ఇంకో పది పేజీలు పడుతుంది. ప్రస్తుతానికి వదిలేస్తాను.

మేం రెండో అంతస్తులో ఉంటాం. మధ్యాహ్నానికల్లా కింది వాటాల వాళ్లు పిల్లలను, గ్యాస్ బండలను, సర్టిఫికెట్ల సంచులను పట్టుకొని పైకి వచ్చేశారు. మెట్ల మీద, వసారాలో, మా హాల్లో ఎక్కడ చూసినా మనుషులే. కరెంటు లేదు. సాయంత్రానికి ఫోన్లు ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి. చుట్టూ నీళ్లు, తాగడానికి మాత్రం సగం క్యాను.

పక్క మేడలో ఒక పెద్దాయన ఉంటారు. ముఠా కార్మికుల, అంటే బస్తాలు మోసే హమాలీల సంఘంలో పనిచేసి పెద్దవారయ్యారు. వీధిలో అందరం బాబాయి గారు అంటాం. ఇంట్లో దేవుడి పటం ఉండదు. పిన్ని గారు పోయినప్పుడు పెద్దకర్మ చేయలేదని వీధి వీధంతా చెవులు కొరుక్కుంది. ఆ ఆదివారం ఆయన డాబా మీదికెక్కి, ఒక్కొక్క మేడనూ పిలిచి, ‘మీ మేడలో చంటిపిల్లలు ఎందరు? షుగరు ఇంజెక్షను తీసుకునేవాళ్లు ఎందరు? నడవలేనివాళ్లు ఉన్నారా?’ అని అడుగుతూ పాత క్యాలెండరు వెనక రాసుకున్నారు. గొంతు బొంగురుపోయే దాకా అదే పని. నాకు చిరాకేసింది కూడా, ఈ జనాభా లెక్కలు ఇప్పుడెందుకని. ఎందుకో మర్నాడు తెలిసింది.

మర్నాడు ఫ్లైఓవరు వైపు నుంచి నలుగురు కుర్రాళ్లు లారీ ట్యూబుల మీద తలుపు చెక్క కట్టుకొని, దాన్ని తోసుకుంటూ వచ్చారు. చెక్క మీద వేడి వేడి పలావు పొట్లాలు. నీళ్లు ఎక్కని వైపు ఉన్న మసీదు దగ్గర వండి తెచ్చారు. బాబాయి గారు ఆ క్యాలెండరు కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి వాళ్లకు విసిరారు. అప్పటి నుంచి ఆ కుర్రాళ్లు కేకలు వేసినవాళ్లకు ముందు, వేయనివాళ్లకు తరువాత అన్నట్టు కాకుండా, కాగితం ప్రకారం వెళ్లారు. పాల ప్యాకెట్లు చంటిపిల్లలున్న మేడలకే చేరాయి. రెండు వీధుల అవతల అది జరగలేదని తరువాత విన్నాం. అక్కడ బలమున్నవాడికే పొట్లం అందింది.

‘ఇంతమందికి ఇంత త్వరగా ఎలా వండారు బాబూ?’ అని అడిగాను. ‘రంజానుకు వండే గుండిగలే ఆంటీ, వంట మేస్త్రీ ఆయనే, వడ్డించేదీ మేమే’ అన్నాడొకడు. దేవుడి పేరు ఎత్తలేదు. పుణ్యం మాటా ఎత్తలేదు. గుండిగల సంగతే చెప్పాడు.

ఆ తరువాత చర్చి వాళ్లు వచ్చారు. వాళ్ల దగ్గర సంఘ కుటుంబాల పట్టిక ఉంది. దాన్ని పట్టుకొని మొదలుపెట్టి, ఇంటికి చేరాక పక్కింటినీ ఎదురింటినీ కలుపుకుంటూ పోయారు. వచ్చే శనివారమే వినాయక చవితి కాబట్టి పందిరి కమిటీ కుర్రాళ్ల దగ్గర చందా డబ్బులు నిలవ ఉన్నాయి. బొమ్మ సంగతి తరువాత చూసుకుందామని ఆ డబ్బుతో నీళ్ల క్యాన్లు తెచ్చారు. ఏటా ఈ కుర్రాళ్ల మైకు మోతకు నేను తిట్టని తిట్టు లేదు. ఇప్పటికీ తిడతాను. మైకు మోత మైకు మోతే, క్యాన్లు క్యాన్లే.

ఆ సోమవారం పోలాల అమావాస్య. పూజకని అత్తయ్య ముందే కంద పిలక తెచ్చుకున్నారు. గ్యాసు ఉంది, బెల్లం ఉంది, శనగపప్పు ఉంది. పూజకు తొమ్మిది బూరెలు చాలు. ఆవిడ డబ్బాలో ఉన్న పప్పంతా ఉడకబెట్టేశారు. రేపటికి ఏమీ మిగలదు అత్తయ్యా అని నేను గొణిగితే, ‘మెట్ల మీద పిల్లలు ఆకలితో ఉన్నారమ్మా, రేపటి సంగతి రేపు’ అన్నారు. గమనించారా? రోజుకు రెండు గంటలు దేవుడితో గడిపే మనిషి కూడా ఆ నిమిషంలో చెప్పిన కారణం దేవుడు కాదు, ఆకలి. బాబాయి గారిని అడిగినా అదే చెప్పేవారు.

అదే వీధిలోకి ఒక పడవవాడూ వచ్చాడు. ఆసుపత్రికి వెళ్లాల్సిన ముసలాయనను ఒడ్డుకు చేర్చడానికి వేలల్లో అడిగాడు. అతడిది ఏ మతమో నేను అడగలేదు. ధర విన్నాక ఏదీ అడగాలనిపించలేదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయకపోతే నాకు నిద్ర పట్టదు. సహాయం ముసుగులో ఫోటోల కోసం వచ్చినవాళ్ల సంగతి. పొట్లం చేతికివ్వరు, చేతికి ఇస్తున్నట్టు పట్టుకుంటారు. ఇటు చూడండమ్మా అంటారు. పక్క వాటా ఆవిడ మూడు రోజులుగా మార్చని చీరతో, చెదిరిన జుట్టుతో ఉంటే ఆమె ముఖం అందరి ఫోన్లలోకీ ఎక్కింది. వీళ్లలో భక్తులూ ఉన్నారు, ఏ దేవుడూ లేని రాజకీయులూ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం సర్వమత సమానత్వం చక్కగా కనిపించింది.

చదువుకున్నదాన్ని కాబట్టి చదివినదీ చెబుతాను. అమెరికాలో ప్రిన్‌స్టన్‌లో డార్లీ, బాట్‌సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి 1973లో ప్రచురించారు. పాస్టర్లు కావడానికి చదువుతున్న విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. కొందరు విద్యార్థులు వెళ్తున్నది బైబిలులోని మంచి సమరయుడి కథ మీద ప్రసంగించడానికే, అంటే దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్నవాడి కథ మీద. ఆగినవాళ్లను, ఆగకుండా పోయినవాళ్లను వేరుచేసింది ఆ కథ కాదు, భక్తి ఏ రకమన్నదీ కాదు. తొందర. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం మంది సహాయం చేశారు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతమే. నలభై మందితో చేసిన చిన్న ప్రయోగమని ఎవరైనా పెదవి విరిస్తే విరవనివ్వండి, మా మెట్ల మీద నేను చూసినదానికి అది అచ్చంగా సరిపోయింది. ఆ రోజుల్లో మాకు వెళ్లాల్సిన ఆఫీసు లేదు, చూడాల్సిన టీవీ లేదు. అందరం మంచివాళ్లమైపోయాం. నీళ్లు తీశాక, బండ్లు స్టార్టయ్యాక, మళ్లీ ఎవరి తొందర వాళ్లది.

అలాగని నాస్తిక మిత్రులు సంబరపడవద్దు. మతం ఉన్న ఇళ్ల పిల్లలు తక్కువ పంచుకుంటారని 2015లో ఒక పరిశోధన వచ్చింది. ఆరు దేశాల్లో వెయ్యికి పైగా పిల్లలను పరీక్షించారు. పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. తీరా చూస్తే లెక్కలో తప్పు. దేశాలను గుర్తించడానికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకొని, ఆ అంకెలను నిజమైన పరిమాణాల్లాగా లెక్కలో కలిపేశారు. ఒకటో నంబరు దేశం కంటే రెండో నంబరు దేశం రెట్టింపు అన్నట్టు! నా తొమ్మిదో తరగతి పిల్లవాడు అలా చేస్తే గోడ కుర్చీ వేయించేదాన్ని. 2019లో ఆ పరిశోధనను వెనక్కి తీసుకున్నారు. మా వాట్సాప్ బృందంలో మాత్రం అది ఇంకా తిరుగుతూనే ఉంది. శ్లోకాల శక్తి గురించి వచ్చే సందేశాలకూ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు.

నాస్తికులకు సేవాభావం ఉండదన్న మాట అయితే విజయవాడలో అసలు చెల్లదు. గోరా గారు, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, సరస్వతి గారు 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో మా ఊరికి వచ్చింది. అంటరానితనం మీద పోరాడారు, సహపంక్తి భోజనాలు పెట్టారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు గోరా గారు లేరు, రెండేళ్ల ముందే పోయారు. అయినా కేంద్రం వాళ్లు అక్కడికి వెళ్లి పనిచేశారు. రామకృష్ణ మిషన్ వాళ్లూ పనిచేశారు. మా మామయ్య గారిది ఆ దివిసీమలోని అవనిగడ్డ వైపు. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఎవరు ఏమి తెచ్చారో వరసగా చెబుతారు: బట్టలు, బియ్యం, బ్లీచింగ్ పొడి. ఎవరు ఏ దేవుడి వాళ్లో మధ్యలో మరిచిపోతారు.

నా అభిప్రాయం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మంచితనం నమ్మకంలో ఉండదు, అలవాటులోను, సరంజామాలోను ఉంటుంది. మసీదుకు గుండిగలున్నాయి, చర్చికి పట్టిక ఉంది, పందిరి కమిటీకి చందా ఉంది. బాబాయి గారికి సమ్మె రోజుల్లో వందల కుటుంబాలకు బియ్యం పంచిన అనుభవం ఉంది. నలుగురూ ఏళ్ల తరబడి చేసిన పనినే ఆ రోజూ చేశారు. మతం గొప్పతనం ఇక్కడ ఉందని నేను ఒప్పుకుంటాను: మనుషులను ప్రతి వారం ఒకచోట చేరుస్తుంది, కలిసి వండిస్తుంది. నావంటి దేవుడు లేనివాళ్లం ఏమి చేస్తాం? సభ పెడతాం. మన పాతకాలపు నాస్తికులైన చార్వాకుల మీద మూడు గంటలు మాట్లాడతాం. టీ ఎవరు పెట్టాలో తేలక గొంతు ఎండి ఇంటికి పోతాం.

కాబట్టి మీ అబ్బాయి పూజగదిలోకి రావడం లేదని దిగులు పడకండి. సెలవులకు వచ్చినప్పుడు ఏదైనా అన్నదానంలో వడ్డనకు పంపండి, లేదా రక్తదాన శిబిరంలో కుర్చీలు వేయమనండి. దేవుడు లేడని వాదించుకుంటూ వేయనివ్వండి, నష్టమేమీ లేదు.

వరద తరువాత మా వీధి వాళ్లం తలా కొంత వేసుకొని రెండు పెద్ద గుండిగలు, చట్రాలు, గరిటెలు కొన్నాం. తాళం వేసే గది రామాలయానికి మాత్రమే ఉంది కాబట్టి అక్కడే పెట్టాం. తాళంచెవి బాబాయి గారి దగ్గర ఉంటుంది, గుడి గడప తొక్కనంటూనే నెలకోసారి వెళ్లి లెక్క చూసుకొస్తారు. పోయిన నెల ఒకాయన కూతురి నిశ్చితార్థానికని ఒక గుండిగ తీసుకెళ్లి, సొట్టతో తెచ్చిచ్చాడు. రిపేరు డబ్బులు ఎవరివన్న తగాదా ఇంకా నడుస్తోంది.