అంచులో స్క్రూ వేస్తే బోర్డు ఎందుకు చీలుతోంది?

ప్రశ్న: కిచెన్ క్యాబినెట్లకు 18 ఎం.ఎం. పార్టికల్ బోర్డు వాడుతున్నాం. అంచులో స్క్రూ బిగిస్తే మధ్యకు చీలుతోంది. డీలరేమో 'ఇంటర్నల్ బాండ్ 0.38' అన్న రిపోర్టు చూపిస్తున్నాడు. ఏమిటది? మా షెడ్డులో పరీక్షించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బోర్డు పై ముఖాన్ని, కింది ముఖాన్ని ఎదురెదురుగా లాగితే ఎంత బలానికి విడిపోతుందో చెప్పే అంకె అది, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో. 50 ఎం.ఎం. చదరపు ముక్కకు 0.38 అంటే 950 న్యూటన్లు, దాదాపు 97 కిలోలు. యూరప్ ప్రమాణం ఈఎన్ 312 ప్రకారం పొడిచోట వాడే ఫర్నిచర్ బోర్డుకు (పీ2 రకం) ఈ మందంలో 0.35 ఉండాలి. మీ బోర్డు పాసే, బొటాబొటిగా.

ల్యాబులో ముక్కలను 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమలో బరువు నిలకడయ్యేదాకా ఉంచుతారు. తర్వాత రెండు ముఖాలకూ లోహపు దిమ్మెలు ఎపాక్సీ జిగురుతోనో హాట్‌మెల్ట్‌తోనో (వేడికి కరిగే జిగురు) అతికించి, సుమారు నిమిషంలో తెగేలా లాగుతారు. దిమ్మె వంకరగా అంటితే ఒక మూల ముందు లేచి అంకె తగ్గిపోతుంది. జిగురు దగ్గరే ఊడితే ఆ ఫలితం చెల్లదు, మరో ముక్క తీసుకోవాల్సిందే.

అంకె కన్నా తెగిన చోటే ఎక్కువ చెబుతుంది. నడిమధ్య తెగడం మామూలే. బోర్డు తయారుచేసే వేడి ప్రెస్సులో ముఖాలు గట్టిగా నొక్కుకుని, మధ్య పొర గుల్లగా మిగులుతుంది. అక్కడ పొట్టు వేలితో రాలుతుంటే మాత్రం రెజిన్ (పొట్టును పట్టి ఉంచే జిగురు) తక్కువైందనో, ప్రెస్సు టైము చాలక మధ్యకు వేడి అందలేదనో అనుమానించాలి. ముఖానికి కాస్త కిందే పెచ్చుగా లేస్తే, ఒత్తిడి పడేలోపే పైపొర రెజిన్ గట్టిపడి ఉండొచ్చు. డీలరును సగటు కాదు, ముక్కముక్కకూ వచ్చిన అంకెలు అడగండి.

షెడ్డులో అంకె తేలదు గానీ పోల్చుకోవచ్చు. బాగున్న పాత బోర్డు నుంచి, కొత్తదాని నుంచి ఒకే కొలత ముక్కలు కోసి, అంచు మధ్యలో వెడల్పు ఉలి పెట్టి కొట్టండి. ఏది తేలిగ్గా, పొడిపొడిగా విడిపోతుందో తెలిసిపోతుంది.

బోర్డును తిట్టే ముందు మీ డ్రిల్లు కూడా చూసుకోండి. రంధ్రం వేయకుండా అంచులో దింపిన స్క్రూ మేకులా చీలుస్తుంది. 7×50 కన్ఫర్మాట్ (ఇలాంటి బోర్డుల కోసమే చేసిన లావుపాటి స్క్రూ, 7 ఎం.ఎం. మందం, 50 ఎం.ఎం. పొడవు) వాడండి. అంచులో సరిగ్గా 9 ఎం.ఎం. దగ్గర 5 ఎం.ఎం. బిట్‌తో, స్క్రూ దిగేంత లోతు రంధ్రం వేయండి. తడిసి ఉబ్బిన బోర్డు ఎండినా పాత పట్టు రాదు, దాన్ని పక్కన పెట్టేయండి.

ప్రశ్న: ప్లైవుడ్‌కూ ఇదే టెస్టా?

జవాబు: కాదు. దానికి పొరల మధ్య జిగురును రెండు విధాలా చూస్తారు: పొరలు ఒకదానిపై ఒకటి జారేలా లాగి (కోత బలం), కత్తితో పొరలు లేపి.