అడిగితే ఇస్తాడు కదా అంటే సరిపోతుందా?

ప్రశ్న: మేడం, మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. నాకు 44 ఏళ్లు. మా ఆయన పంతొమ్మిదేళ్లు సౌదీలో పని చేసి, పోయినేడు పూర్తిగా ఇంటికి వచ్చేశాడు. ఆయన అక్కడ ఉన్నన్నాళ్లు ఇక్కడ అన్నీ నేనే చూసుకున్నాను. బీడీలు చుట్టాను. ఆయన పంపిన పైసలతో అప్పులు తీర్చి ఇల్లు కట్టించాను. బిడ్డ పెళ్లి చేశాను. కొడుకును కరీంనగర్‌లో డిగ్రీలో చేర్పించాను. ప్రతి ఖర్చూ ఒక ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసి పెట్టాను. మహిళా సంఘంలో లీడర్‌గా ఉన్నాను. ఆయన వచ్చాక నా ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకున్నాడు. నా బీడీ పైసలు, 2016 రూపాయల పింఛన్ ఆ ఖాతాలోనే పడతాయి. బీడీలు చుట్టుకుంటూ ఫోన్ చాట పక్కన పెట్టుకుంటే, మోగగానే వచ్చి ఎవరిదని చూస్తాడు. సంఘం మీటింగ్‌కు పోవాలన్నా, తల్లిగారింటికి పోవాలన్నా అడగాలి. ఓటు కూడా తను చెప్పిన గుర్తుకే వేయాలన్నాడు. కొట్టడు, తిట్టడు, తాగడు. అడిగితే డబ్బులు కూడా ఇస్తాడు. మా అత్త ‘‘అడిగితే ఇస్తడు గదా, అడిగితే నీదేం పోతది?’’ అంటుంది. నాకు మాత్రం ఊపిరాడట్లేదు. రాత్రి నిద్ర పట్టదు. స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం అని టీవీలో మాట్లాడుతుంటారు. మాలాంటి వాళ్లకు అది ఓటేసే రోజుకేనా? ఇన్నేళ్లు సంసారం చేసి ఇప్పుడు ఇట్లా అనుకోవడం తప్పా?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీరు అనుకుంటున్నది తప్పు కాదు. ముందు ఆ బరువు దించుకోండి. కొట్టని, తాగని మగడు దొరికాక ఇంకేం కావాలి అని నలుగురూ అనేసరికి మీ మీద మీకే అనుమానం వచ్చింది. ఆడమనిషి కష్టం చెప్పుకోవాలంటే ఒంటి మీద దెబ్బ చూపించాలన్న లెక్క మన దగ్గర ఇంకా పోలేదు.

మీ అత్తగారి మాట దగ్గర కాసేపు ఆగుదాం. మీ బాధంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆమె చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. అడిగినా చేతికి పైసా రాలని ఇళ్లను చూసిన మనిషి అయి ఉంటారు. వాళ్ల పక్కన పెట్టి చూస్తే కొడుకు మంచివాడిగానే కనిపిస్తాడు. కానీ అడిగితే ఇచ్చేవాడికి, అడిగినా ఇవ్వకుండా ఉండే అధికారం కూడా ఉంటుంది. ఇవాళ మనసు బాగుంది, ఇచ్చాడు. రేపు ఎవరో ఏదో చెప్పారు, ఇవ్వలేదు. ఇచ్చే రోజైనా, ఇవ్వని రోజైనా మీ పని ఒకటే: ఆయన ముఖం చూడాలి, టీ తాగాక అడగాలా, అన్నం తిన్నాక అడగాలా అని లెక్కేసుకోవాలి, అత్త పక్కన లేనప్పుడు చూసుకోవాలి. చివరికి చేతిలో రెండు వందలు పడ్డా, దానికోసం పొద్దుటి నుంచి పడ్డ టెన్షన్ ఎవరి లెక్కలోనూ రాదు. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఇదే. పంతొమ్మిదేళ్లు ఇల్లు నడిపిన మనిషి తన సొంత కూలి డబ్బు కోసం ఇంకొకరి మూడ్ కనిపెట్టుకుని ఉండాల్సి రావడం చిన్న విషయం కాదు.

అడిగితే దొరకడానికీ, హక్కుగా ఉండటానికీ ఉన్న తేడా మన ప్రాంతపు పెద్దవాళ్లకు బాగా తెలుసు. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. నలుగురు కలిసి సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారును అడగాలి. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభలు 1930లో జోగిపేటలో మొదలై ఆ ఆంక్షల నడుమే జరిగాయి. నాలుగో సభ 1935లో మీకు దగ్గర్లోని సిరిసిల్లలోనే జరిగింది. ఆ సభలతో పాటు మహిళా సభలు కూడా పెట్టేవారు. సభ జరిగింది కాబట్టి అప్పటి జనం స్వేచ్ఛగానే బతికారని ఈరోజు ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? దొర మంచివాడైతే ఊరు కొంచెం ఊపిరి పీల్చుకునేది, కొడుకు చేతికి పెత్తనం వస్తే మళ్లీ మొదటికొచ్చేది. ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా బతకాలనే మనవాళ్లు అంత కొట్లాడారు.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు రాసుకున్నది కూడా అదే. మాట్లాడటం, కలుసుకోవడం, దేశంలో ఎక్కడికైనా వెళ్లడం, నచ్చిన పని చేసుకోవడం 19వ అధికరణంలో ఉన్నాయి. ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ 21లో ఉన్నాయి. ఇవి ఏ మంత్రి దయతోనో వచ్చేవి కావు. ప్రభుత్వం వాటికి హద్దు పెట్టాలన్నా దానికి చట్టం ఉండాలి, ఆ చట్టం న్యాయంగా ఉండాలి. ఓటేసే రోజుకేనా అని మీరు అడిగారు. ఓటు దానిలో ఒక భాగం మాత్రమే. మిగతా రోజుల్లో పొద్దున లేచి ఎవరికీ భయపడకుండా మీ పనికి మీరు పోగలగడం, మీ కూలి మీ చేతికి రావడం, మీ మాట మీరు చెప్పుకోగలగడం, ఇవన్నీ దానిలోవే.

కానీ రాజ్యాంగం గడప దాటి లోపలికి అంత సులువుగా రాలేదు. మొదటి సాధారణ ఎన్నికలకు, అంటే 1951–52 నాటికి, ఓటర్ల జాబితా రాయడానికి ఇళ్లకు పోతే చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అనే చెప్పారు. సొంత పేరు లేకపోతే కుదరదని ఎన్నికల సంఘం దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేసింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఓటు హక్కు చేతికి వచ్చినా, ఇంటి బయట తన పేరు పలికే ధైర్యాన్ని ఇల్లు ఇవ్వలేదు. అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఈ భయాన్నే చెప్పారు. రాజకీయాల్లో అందరికీ సమానత్వం వస్తుంది, సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం అసమానత అలాగే ఉంటుంది, ఈ రెండింటి మధ్య వైరుధ్యాన్ని ఎంతకాలం మోస్తాం అని అడిగారు. మీ ఇంట్లో జరుగుతున్నది ఆ వైరుధ్యమే. సంఘం మీటింగ్‌లో మీరు పది మంది చేత తీర్మానం చేయించి సంతకం పెట్టే లీడర్. ఇంటికి వస్తే మీ కార్డు ఇంకొకరి జేబులో.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఆయన్ని దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. సౌదీలో ఆయన ఎట్లా బతికాడో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని, ఒప్పుకోనిదే కంపెనీ మారే వీలు లేదు, సెలవుకు రావాలన్నా కఫీల్ సరేననాలి. అక్కడ ఈ నిబంధనలు కొంత సడలింది 2021లోనే. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం చట్టప్రకారం తప్పైనా, మన గల్ఫ్ కార్మికుల్లో ఎందరికో అది మామూలు అనుభవమే. అంటే జీవితంలో సగం ఆయన కూడా అడుగుతూ బతికిన మనిషే. ఇంటికి వచ్చి చూస్తే ఆయన లేకుండానే ఇల్లు నడిచిపోతోంది. పిల్లలు ఏదైనా మిమ్మల్నే అడుగుతారు. రేషన్ కార్డు ఎక్కడుందో, కరెంటు బిల్లు ఎంతొస్తుందో ఆయనకు తెలియదు. సంపాదించి పంపిన ఇంట్లో చుట్టంలా ఉండాల్సి వచ్చింది. కార్డు చేతిలో ఉంటేనన్నా ఇంటి యజమానిని అనిపించుకోవచ్చని అనుకుని ఉంటాడు. ఇది తెలిస్తే ఆయన మీద కోపం కొంత తగ్గొచ్చు. కార్డు మాత్రం మీకు రావాల్సిందే.

అందుకని మాట మొదలుపెట్టేటప్పుడు హక్కుల దగ్గర మొదలుపెట్టకండి. ఆయన కథ దగ్గర మొదలుపెట్టండి. అత్తగారు, పిల్లలు లేని సమయం చూసుకుని, ‘‘కఫీల్‌ను సెలవు అడగాలంటే నీకెట్లుండె?’’ అని అడగండి. ఆయన్ని చెప్పనివ్వండి. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. అంతా విన్నాక, ‘‘నాకిప్పుడు అట్లనే ఉంది’’ అని చెప్పండి. వాదించొద్దు, అరవొద్దు. ఒకటి రెండు రోజులు ఆ మాటను అలాగే వదిలేయండి. కోర్టు తీర్పు చూపిస్తే వినని మగవాళ్లు కూడా తమ ఒంటి మీద పడ్డ అనుభవాన్ని గుర్తు చేస్తే వింటారు.

తర్వాత ఆ ఎర్ర అట్ట నోటుబుక్కు తీయండి. ఆయన పంపిన ప్రతి రూపాయి ఏమైందో కూర్చోబెట్టి చూపించండి. స్వేచ్ఛ అంటే లెక్క చెప్పకపోవడం అని ఎప్పుడూ అనుకోవద్దు. ఇద్దరి డబ్బుకు ఇద్దరికీ లెక్క ఉండాలి. ఆయన పొదుపు, ఇంటి ఖర్చు, కొడుకు ఫీజు మాట్లాడుకుని నడపండి. కరెంటు, రేషన్, బ్యాంకు పనులు కొన్ని ఆయనకు అప్పగించండి, నిజంగానే అప్పగించండి. ఆయన తప్పు చేస్తే వెంటనే చేతిలోంచి లాక్కోవద్దు. మీ బీడీల కూలి, మీ పింఛన్ మాత్రం మీ ఖాతాలో, మీ కార్డుతోనే ఉండాలి. అందులోంచి ఇంటికి ఎంత పెడతారో మీరు చెప్పండి.

వెళ్లిరావడం గురించి ఒక పద్ధతి అనుకోండి. ‘‘పోతున్న, ఆరింటికల్లా వస్త’’ అని చెప్పి వెళ్లడం సంసారంలో మర్యాద. ఆయన కూడా మీకు అలాగే చెప్పి వెళ్లాలి. ఫోన్ కూడా అంతే. మీది ఆయన చూడాలంటే ఆయనది మీరు చూడాలా అన్న పోటీలోకి దిగకండి. ఎవరి ఫోన్ వాళ్లది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అదే తీర్పులో ఇంటి గోప్యత పేరు చెప్పి ఆడవాళ్లను అణచడాన్ని కప్పిపుచ్చకూడదని కూడా అన్నారు. భార్యాభర్తల మధ్య సంగతి, బయటికి చెప్పొద్దు అనేవాళ్లకు ఆ మాట గుర్తు చేయొచ్చు.

ఓటు గురించి అసలు గొడవే పెట్టుకోవద్దు. ఏ గుర్తుకు వేస్తారో ముందు చెప్పాల్సిన పని లేదు, వేశాక చెప్పాల్సిన పని లేదు. ఎవరికి ఓటేశావో చెప్పమని ఎవరినీ బలవంతం చేయడానికి వీల్లేదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్‌లో ఉంది. కోర్టులో సాక్షిని కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలని అనడానికి లేదు. అడిగితే నవ్వి ఊరుకోండి.

సంఘం లీడర్‌గా మాత్రం తప్పుకోవద్దు. కొత్తవాళ్లు లెక్కలు నేర్చుకునేదాకా మీ మీద ఆధారపడ్డ ఆడవాళ్లు ఉంటారు. ఆ మీటింగే మీకు ఇల్లు కాని ఒక చోటు. ఆయనకు అనుమానం ఉంటే సంఘం పుస్తకం చూపించండి, అప్పు ఎంత, కిస్తీ ఎంత, ఎవరెవరు కట్టారో చూస్తే సగం అనుమానం పోతుంది.

ఇంత చెప్పినా ఆయన మారకపోతే? నెలా రెండు నెలలు చూడండి. అప్పటికీ కార్డు ఇవ్వకపోతే ఆధార్, పాసుబుక్కు తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. పాత కార్డు ఆపేసి కొత్తది ఇమ్మని అడగండి, పిన్ మీరే పెట్టుకోండి, మెసేజ్‌లు మీ నంబరుకే వచ్చేలా చూసుకోండి. ఖాతా మీ పేరు మీద ఉంది కాబట్టి దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. గొడవ పెద్దదవుతుందన్న భయం లేకపోతే ఈ పని ఆయనకు చెప్పే చేయండి. చాటుగా చేస్తే తర్వాత ఆ చాటుతనమే గొడవవుతుంది.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2005 గృహ హింస చట్టం ప్రకారం హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. భార్యకు హక్కున్న డబ్బు ఆమెకు అందకుండా చేయడాన్ని ఆర్థిక హింస అంటుంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, మీరు కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు మీకు ఉందని కూడా చెబుతుంది. మన తెలంగాణ నుంచే వెళ్లిన ఒక భరణం కేసులో 2024 జులై 10న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, సొంత సంపాదన లేని భార్యకు భర్త ఉమ్మడి ఖాతా, ఏటీఎం కార్డు లాంటివి అందుబాటులో ఉంచాలని జస్టిస్ బి.వి. నాగరత్న రాశారు. సంపాదన లేని ఇల్లాలి గురించే కోర్టు అంత మాట అన్నప్పుడు, ఇన్నేళ్లు బీడీలు చుట్టి సంపాదించిన మీరు ఎందుకు తగ్గాలి? ఇవన్నీ మొదటి రోజే ఆయన ముందు పెట్టమని చెప్పడం లేదు. మీ వెనక ఇవి ఉన్నాయని తెలిస్తే మాట్లాడేటప్పుడు మీ గొంతు వణకదు.

ఎప్పుడైనా చేయి లేపినా, ఇంట్లోంచి పొమ్మన్నా, బయటికి రానివ్వకుండా ఆపినా నెలా రెండు నెలల గడువు మర్చిపోండి. వెంటనే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. జగిత్యాలలో ఇలాంటి ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఇస్తారు. ఈ రెండు నంబర్లు ఫోన్‌లో మాత్రమే దాచుకోకండి, నోటుబుక్కు అట్ట లోపల కూడా రాసుకోండి, మీకు నమ్మకమైన ఒక సంఘం సభ్యురాలికి కూడా చెప్పి ఉంచండి.

ఈ నెల సంఘం మీటింగ్ ఏ తారీఖునో ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఆయనకు చెప్పండి. పోవాలా అని అడగొద్దు, పోతున్నానని చెప్పండి.